కోరం లేని కూలర్ల కంపెనీ

ఆ రోజుల్లో మాకు వేసవి అంటే ఎండాకాలం కాదు, ప్రిలిమ్స్ కాలం. మే నెలలో ఒక ఆదివారం సివిల్స్ మొదటి పరీక్ష జరిగేది. ఆ ఆదివారానికి ఇటువైపు రోజులన్నీ చదవాల్సినవి, అటువైపు రోజులన్నీ ఊరెళ్ళాల్సినవి. మధ్యలో ఢిల్లీ ఎండ ఒకటి ఉండేది కానీ, దాన్ని మేం భూగోళశాస్త్రంలో ఒక అధ్యాయంగానే చూసేవాళ్ళం. లూ అనే వేడిగాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో, ఎందుకు వీస్తుందో, ఎప్పుడు ఆగుతుందో పటం గీసి మరీ రాయగలం. అది మా గది కిటికీలోంచే లోపలికి వస్తోందన్న సంగతి మాత్రం ఎవరో ఒకరు చెప్పాల్సి వచ్చేది. (ఆ ఎవరో ఒకరు కాకా. ఇదంతా అతని గురించే.)

ఇప్పుడిది రాయడానికి కారణం మా ఆఫీసు. గురుగ్రామ్‌లో ఒక అద్దాల భవనం, అందులో నేనొక మోస్తరు పెద్ద ఉద్యోగిని. కొత్తగా మేనేజర్లయిన పిల్లలకి "వ్యాపార నాయకులు చేయకూడని పొరపాట్లు" అనే విషయం మీద మాట్లాడమని అడిగారు. అడగడానికి వచ్చిన అమ్మాయి తల్లిదండ్రులది విజయనగరం. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. "మీ ఓన్ ఎగ్జాంపుల్ ఏదైనా ఉంటే బెటర్ సర్. కొంచెం ఫన్నీగా," అంది. ఉంది. నేను జీవితంలో ఒకే ఒక్క సంస్థకి అధ్యక్షుణ్ణి, చేయకూడనివన్నీ ఆ ఒక్క వేసవిలోనే చేసేశాను కాబట్టి ఉదాహరణ కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. కానీ ఆ వారమే కాకా పోయాడు. దాంతో తెర మీద నాలుగు బొమ్మలు చూపించి, ఎవరైనా చెప్పగలిగే మాటలే చెప్పి, చప్పట్లు అందుకుని వచ్చేశాను. అక్కడ చెప్పలేకపోయిన ఉదాహరణ ఇది.

ఢిల్లీలో పరీక్షల పిల్లలుండే జియా సరాయ్‌లో ఒక ఇరుకు సందు, ఆ సందులో ఇరుకు మెట్ల ఇల్లు, పైఅంతస్తులో మా గది. ముగ్గురం ఉండేవాళ్ళం. నాది తెనాలి వైపు. రెండోవాడు రాజమండ్రివాడు. పొద్దున్నే ఇంగ్లీషు పేపర్లో సంపాదకీయం పైకి చదివితే గానీ పళ్ళు తోముకునేవాడు కాదు కనక వాడి పేరు ఎడిటోరియల్. మూడో అతను జగిత్యాల దగ్గర్నుంచి వచ్చినవాడు, మా ఇద్దరికంటే పెద్ద. మేం కాకా అని పిలవడం చూసి ఇంటి ఓనరు ఆంటీ కూడా కాకా అనే పిలిచేది, ఆమెను చూసి సందంతా అలాగే పిలిచేది. కాకాకి పరీక్ష రాసే వయసు ముందు ఏడాదే దాటిపోయింది. అయినా ఊరు వెళ్ళలేదు. అడిగితే, "పోతా, పోతా," అనేవాడు.

ఎందుకు వెళ్ళడం లేదో ఒకసారి ఎడిటోరియల్‌కి చెప్పాడట, ఎడిటోరియల్ నాకు చెప్పాడు. ఢిల్లీ బయలుదేరిన రోజు నుంచే ఊళ్ళో కాకాని అందరూ కలెక్టర్ సాబ్ అనడం మొదలుపెట్టారు. ముందు సరదాకి అన్నారు, తర్వాత గౌరవంతో అన్నారు, ఆ తర్వాత అలవాటైపోయింది. పరీక్ష పోయినా ఆ పేరు పోలేదు. కిందటిసారి ఊరెళ్ళినప్పుడు క్షవరం చేయించుకోవడానికి పోతే, "కలెక్టర్ సాబ్, కూసోండ్రి," అని కుర్చీ దులిపారట. క్షవరం చేయించుకోకుండానే ఇంటికి వచ్చేశాడు. ఆ సెలవుల్లో మళ్ళీ గుమ్మం దాటలేదు.

ఇన్నేళ్ళూ డబ్బు పంపింది అతని అన్న. ఊళ్ళో ఎరువుల దుకాణం ఉండేది ఆయనకి. ఆ వేసవి మొదట్లో ఫోన్ చేసి ఆయన ఒకటే మాట చెప్పాడు. పరీక్ష ఆదివారం దాటగానే, సోమవారం పొద్దున్నే తను ఢిల్లీలో దిగుతాడు. అప్పటికి తమ్ముడికి ఇక్కడ నిలబడ్డానికి ఏదైనా ఉంటే చూస్తాడు, లేకపోతే వెంటబెట్టుకుపోయి దుకాణంలో కూర్చోబెడతాడు. యూరియా బస్తాల మధ్య కూర్చోవడానికి కాకాకి ఏ అభ్యంతరమూ లేదు. ఆ బస్తాల కోసం వచ్చే ప్రతివాడూ కలెక్టర్ సాబ్ అంటాడు. అదీ భయం.

కూలర్ల ఆలోచన కాకాది. ఢిల్లీ కూలర్ అంటే పెద్ద రేకు పెట్టె. మూడు పక్కలా గడ్డి పలకలు, లోపల ఫ్యాను, అడుగున నీళ్ళు, ఆ నీళ్ళని గడ్డి మీదికి ఎక్కించే చిన్న మోటారు. కిటికీ అవతల ఇనుప స్టాండు మీద పెడితే గదంతా చల్లబడుతుంది, తడి గోనె వాసన కూడా వస్తుంది. కాకా ఒక పాత కూలర్ కొనుక్కొచ్చి, మోటారు మార్చి, గడ్డి మార్చి మా కిటికీకి పెట్టాడు. రెండో రోజే పక్క బిల్డింగులో కర్నూలు కుర్రాళ్ళు వచ్చి దాని ముందు చొక్కాలు విప్పుకుని కూర్చున్నారు. ఇలాంటివి ఇంకొన్ని బాగుచేసి ఈ వేసవికి అద్దెకిస్తే ఎలా ఉంటుంది అన్నాడు కాకా. అంతవరకు అది ఒక మంచి ఆలోచన. తర్వాత నేను దాన్ని సంస్థని చేశాను.

నా ఆప్షనల్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. సంస్థని ఎలా నిర్మించాలో, ఎలా నడపాలో, అది ఎందుకు చెడిపోతుందో లావుపాటి పుస్తకాలు చదివి ఉన్నాను కాబట్టి నాయకత్వం నాకే రావాలని ముగ్గురిలో ఒకరు గట్టిగా నమ్మారు. (ఆ ఒకరు నేనే.) మిగతా ఇద్దరూ అడ్డు చెప్పలేదు. కాకా కూలర్లు వెతకడానికి వెళ్ళిన రోజున నేను గదిలో కూర్చుని సంస్థకి పేరు పెట్టాను: దక్షిణ భారత శీతల సేవా సమితి. అధ్యక్షుడు నేను. ప్రధాన కార్యదర్శి ఎడిటోరియల్. కాకాకి క్షేత్రస్థాయి అధికారి అని పెట్టాను, ఎందుకంటే కూలర్ మోసేవాడికి ఒక హోదా ఉండాలి కదా. అతను అన్నీ విని, "మరి మోటరు ఎవరు జూస్తరు?" అని మాత్రం అడిగాడు. అది క్షేత్రస్థాయి పని అని చెప్పాను. "అచ్ఛా. ఠీక్ హై, చైర్మన్ సాబ్," అన్నాడు. చివరిదాకా నన్ను అలాగే పిలిచాడు.

మొదటి కూలర్ చేతికి రాకముందే రబ్బరు స్టాంపు వచ్చింది, గుండ్రంగా. తర్వాత బోర్డు రాయించాను. దేశం త్రిభాషా సూత్రం పాటిస్తుంటే మనం పాటించకపోతే ఎలా అని హిందీ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలోనూ రాయించేసరికి అది తలుపంత అయింది, మా మెట్ల మలుపు తిరగలేదు. కొన్నాళ్ళు సందు మొదట్లో టీకొట్టు దగ్గర నిలబెట్టాం. టీకొట్టు భయ్యా దాన్ని స్టవ్వుకి గాలి తగలకుండా అడ్డం పెట్టుకున్నాడు. సమితి సేవల్లో మొదట ప్రజలకి అందింది అదే.

నియమావళి కూడా రాశాను. రోజూ పొద్దున్నే సమావేశం, ఏ నిర్ణయానికైనా ముగ్గురూ హాజరు కావాలి, ఒక్కరు లేకపోయినా కోరం లేనట్టే, కోరం లేకపోతే తీర్మానం చెల్లదు. ఫిర్యాదులన్నీ రాతపూర్వకంగా రావాలి. ఒక మధ్యాహ్నం ఆ కర్నూలు కుర్రాళ్ళలో ఒకడు చేతిని చంకలో దాచుకుని మెట్లెక్కి వచ్చాడు.

"అన్నా, కూలర్ ముట్టుకుంటే షాక్ కొడతాండాది."

"దరఖాస్తు రాసివ్వు తమ్ముడూ, రేపు సమావేశంలో పెడతాం."

"రాయల్లంటే చెయ్యి పన్జేయాల గదన్నా."

ఈ మాటకి నియమావళిలో జవాబు లేదు. నేను ఆలోచిస్తుండగానే కాకా రబ్బరు చెప్పులు తొడుక్కుని, టేపు చుట్ట తీసుకుని వాడితో దిగిపోయాడు. అనుమతి లేకుండా వెళ్ళినందుకు మర్నాడు నేను సమావేశంలో విచారం వ్యక్తం చేశాను. అది ఎడిటోరియల్ రాసుకున్నాడు కూడా.

ఇంతకంటే పెద్ద నియమం ఇంకొకటి ఉంది. కూలర్లు మనవాళ్ళకే ఇవ్వాలి. మనవాళ్ళంటే సివిల్స్ చదువుకుంటున్న తెలుగువాళ్ళు. దీన్ని నేను సేవా లక్ష్యం అన్నాను, భాషా సౌలభ్యం అన్నాను, విశ్వసనీయత అన్నాను. అసలు సంగతి నాకు హిందీ రాదు. అక్బరు రెవెన్యూ విధానం గురించి రాయగలను గానీ కూరగాయల బండి దగ్గర పావుకిలో బెండకాయలు అడగాలంటే వేలితో చూపించేవాణ్ణి. కాకా అలా కాదు. సాయంత్రాలు టీకొట్టు దగ్గర నిలబడేవాడు. కింద టైలరుతో, జ్యూస్ బండి అతనితో, గోడ అవతల ఇంట్లో ముసలమ్మతో కబుర్లు. ఎవరి మోకాలు నొప్పి, ఎవరి అల్లుడు అలిగాడు, అన్నీ అతనికి తెలుసు. నాలుగైదుసార్లు సమావేశంలో అన్నాడు కూడా, టైలరు ఒక కూలర్ అడుగుతున్నాడు, ఆంటీ చెల్లెలు ఒకటి అడుగుతోంది, ఇద్దామా అని. నియమావళి ఒప్పుకోదన్నాను. "గీ సందుల ఉన్నోళ్ళు మనోళ్ళు గారా?" అన్నాడు. నిర్వచనాల అధ్యాయం తీసి చదివి వినిపించాను.

అంతటితో ఆగలేదు. పనివేళల్లో టీకొట్టు దగ్గర కాలక్షేపం చేస్తున్నారని కాకాకి తాఖీదు ఇచ్చాను, స్టాంపు వేసి. అతను రెండుసార్లు శ్రద్ధగా చదివాడు. కర్నూలు కుర్రాళ్ళ కూలర్ స్టాండుకి ఒక కాలు పొట్టి, పెట్టినప్పటినుంచి గడగడలాడుతోంది. నా తాఖీదుని మడతలు పెట్టి ఆ కాలు కింద దోపాడు. తర్వాత అది కదలలేదు. నా పాలనలో స్థిరత్వం తెచ్చిన ఏకైక పత్రం అది.

వీటన్నిటి మధ్యా, చెప్పాలంటే సిగ్గే కానీ, సమితి బాగా నడిచింది. కాకా బాగుచేసిన కూలర్ ఖాళీగా ఉండేది కాదు. చుట్టుపక్కల మేడల్లో తెలుగు గదులన్నింటికీ మా రేకు పెట్టెలు వేలాడుతుండేవి. నేను మేడ మీదికెక్కి వాటిని చూసుకుంటూ నిలబడేవాణ్ణి. ఆ ఉత్సాహంలో మరో సేవ ప్రవేశపెట్టాను. పరీక్ష అవగానే మావాళ్ళందరూ ఊళ్ళకి పోతారు, అది ఆచారం. రిజర్వేషన్ కోసం క్యూలో నిలబడే టైము చదువుకునేవాళ్ళకి ఉండదు. అందుకని కూలర్ తీసుకున్న ప్రతివారికీ రైలు టికెట్టు మేమే చేయించి పెడతామన్నాను. ఎడిటోరియల్ పేపరు చంకలో పెట్టుకుని వెళ్ళి, రోజుల తరబడి క్యూలో నిలబడి, అందరికీ చేయించాడు. తనకీ చేయించుకున్నాడు. అందరివీ ఒకే రోజుకి, ఒకే రైలుకి. పరీక్ష ఆదివారం, రైలు సోమవారం సాయంత్రం. అంటే సోమవారం పొద్దున మా కూలర్లన్నీ తిరిగి వచ్చేస్తాయి. ఢిల్లీలో ఇంకా బోలెడు ఎండాకాలం మిగిలి ఉంటుంది, మా దగ్గర ఒక్క మనవాడూ మిగలడు. ఆ పరీక్ష తేదీ మా పుట్టినరోజుల కంటే బాగా తెలుసు మాకు. ఆ టికెట్లు చేయించింది మేమే. సాయంత్రం రైలెక్కేవాడు కూలర్‌ని వెంట తీసుకుపోడని సంస్థలో ఎవరికైనా తట్టాలి కదా. అధ్యక్షుడికైతే తట్టలేదు. కాకాకి తట్టిందేమో తెలియదు. టైలరుకి ఇద్దామని అతను మళ్ళీ మళ్ళీ ఎందుకు అడిగాడో ఇప్పుడు ఆలోచిస్తే, తట్టే ఉంటుంది.

ఆదివారం పరీక్ష రాశాం. సోమవారం పొద్దున్నే కాకా అన్న వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో మురుకుల డబ్బా. పెద్దగా మాట్లాడని మనిషి. గది చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, "సన్నగైనవురా," అన్నాడు. గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఆయనకి వేశాం. కాకా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాళ్ళిద్దరి మధ్య ఏం జరగాలో ఆ పూట తేలిపోతుందని అందరికీ తెలుసు. కాకా అరచేతులు మాటిమాటికీ లుంగీకి తుడుచుకుంటున్నాడు.

ఆ పూట కోసం నేను సిద్ధంగానే ఉన్నాను. గోడకి ఢిల్లీ పటం అంటించి, దాన్ని మండలాలుగా విడగొట్టి రంగులు వేసి ఉంచాను. పక్కనే పంచవర్ష ప్రణాళిక. స్కేలుతో చూపిస్తూ మొదలుపెట్టాను. "రెండో సంవత్సరంలో అన్నా, మనం యమున దాటుతాం..."

తలుపు దగ్గర రేకు చప్పుడైంది. ఒక కూలర్ వీపుతో లోపలికి వచ్చింది, దాని కింద రెండు కాళ్ళు కనిపించాయి. కర్నూలు కుర్రాడు. "అన్నా, ఏడ పెట్టల్ల? సాయంత్రం రైలు గదా." పటం కింద పెట్టమన్నాను. మళ్ళీ స్కేలు ఎత్తాను. యమున దాటేలోపు ఇంకొకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. అన్న కుర్చీ కొంచెం జరుపుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవి మంచం మీద పెట్టించాను. అన్న ఇంకొంచెం జరిగాడు. కాసేపటికి కుర్చీ ఉన్నచోట కూడా కూలర్ ఉంది. ఆయన సందువైపు కిటికీ గట్టు మీద కూర్చుని, మురుకుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, గది నిండిపోవడం చూస్తున్నాడు. గది నిండాక వసారా నిండింది. వసారా నిండాక మెట్లు. ప్రతి మెట్టు మీదా ఒక కూలర్, కూలర్ పక్కన దాన్ని మోసుకొచ్చిన మనవాడు, వాడి నోట ఒకే మాట: సాయంత్రం రైలు. మధ్య అంతస్తులవాళ్ళు కిందికి దిగలేకపోతున్నారు. ఎవరిదో పెట్టెలో మిగిలిన నీళ్ళు మెట్లమీద కాలువ కట్టాయి.

కింద నుంచి ఆంటీ గొంతు వినిపించింది. హర్యానా యాసలో ఆమె అన్నదాంట్లో నాకు సగమే అర్థమైంది, ఆ సగమూ చాలు. పొద్దు గుంకేలోపు మెట్లు ఖాళీ చేయకపోతే రేకు పెట్టెలతో పాటు మమ్మల్నీ సందులోకి గిరాటేస్తుంది. అన్నకి హిందీ బాగానే వచ్చు. వచ్చని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. ప్రణాళిక వైపు ఒకసారి చూసి, "చైర్మన్ సారు," అన్నాడు, "గీ పటంల గీ మెట్లు యాడున్నయి?"

అప్పుడు నాయకుడిగా నేనేం చేశానంటే, అత్యవసర సమావేశం పిలిచాను. గదిలో నిలబడే చోటు లేదు కనక బాత్రూమ్‌లో. నేనూ ఎడిటోరియలూ బకెట్టుకి అటొకరం ఇటొకరం నిలబడి, పరిస్థితి తీవ్రతని గుర్తించాం. తీర్మానం చేద్దామంటే కాకా లేడు. కోరం లేదు. ఎడిటోరియల్ తలుపు సందులోంచి పిలిచి చూశాడు, పలకలేదు. ఊరి రైలు తప్పించుకోవడానికి ఎక్కడికైనా పోయాడేమో అనిపించింది. వచ్చి అన్న పక్కన, కిటికీలో మిగిలిన కాస్త చోట్లో ఇరుక్కుని కిందికి చూశాను.

కాకా సందులో ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, లుంగీ ఎగ్గట్టి, టీకొట్టు బల్ల మీదికెక్కి అరుస్తున్నాడు. ఆ మనిషి అరవగా నేను ఎప్పుడూ వినలేదు. "టైలర్ మాస్టర్, ఆవో, తుమ్హారా ఆ గయా. దీదీ, రాజూ కో భేజో, ఉఠాకే లే జాయే." మీది వచ్చేసింది రండి, మోయడానికి పిల్లాణ్ణి పంపండి అని పిలుస్తున్నాడు. టైలరు వచ్చాడు. జ్యూస్ బండి అతను వచ్చాడు. గోడ అవతల ముసలమ్మ తను మోయలేక ఇద్దరు మనవళ్ళని తోలింది. మెట్లమీద ఉన్న కూలర్లు మా గదిలోకి రాకుండానే అటునుంచి అటే తలల మీదకెక్కి, వాకిళ్ళలోకి, దుకాణాల్లోకి, పక్క సందుల్లోకి పోతున్నాయి. ఒక దుకాణం పిల్లాడు ఇంకో కూలర్ కూడా తమకే కావాలంటే, కాకా మాటకి మాట విసురుతున్నాడు. జనం నవ్వుతున్నారు. ఆంటీ చెల్లెలికి ఇచ్చిన దాని గడ్డి పాతబడిందని అతనే మళ్ళీ వెనక్కి లాక్కుని వేరేది ఇప్పించాడు. బల్ల దిగడం, ఎక్కడం, ఎవరినో వీపు మీద చరచడం. ఆంటీ కూడా తిట్లు ఆపి, ఎవరిది ముందు, ఎవరిది తర్వాత అని పంచాయితీ చేస్తోంది.

అన్న డబ్బా మూత తీసి, నా చేతిలో ఒక మురుకు పెట్టి, తనొకటి తీసుకున్నాడు.

"మావోడేనా అది?" అన్నాడు.

అవునన్నాను.

"ఇంటికొస్తె అర్రలకెళ్ళి బయటకి రాడు. మా అమ్మ పళ్ళెం లోపట్కి ఇస్తది." మురుకు కొరకకుండా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. "గీన్నే ఉండనీయి వాణ్ణి."

సాయంత్రానికి మెట్లు ఖాళీ అయ్యాయి. కాకా చెమటతో పైకి వచ్చి, వాకిట్లోనే ఆగిపోయాడు. గదిలోకి రావడానికి జాగా ఉంది, అయినా రాలేదు. అన్న తన రిటర్న్ టికెట్ తీసి, "నాది ఒక్కటే ఉన్నది," అన్నాడు. అంతే అన్నాడు. కాకా ముందు అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక, కూలర్ కోసం తెచ్చిన బకెట్‌లో నీళ్ళతో ముఖం కడుక్కున్నాడు, చాలాసేపు. (దాని మీద నేను ఏ వ్యాఖ్యా చేయను.) అదే సాయంత్రం ఎడిటోరియల్ మనవాళ్ళందరితో పాటు రైలెక్కేశాడు.

ఆ రాత్రి నేను రాజీనామా రాశాను. ఒక పేజీ, ఇరువైపులా. నాయకత్వ వైఫల్యానికి నైతిక బాధ్యత వహిస్తూ, అని మొదలవుతుంది. స్టాంపు వేసి కాకా చేతికిచ్చాను. అతను రెండుసార్లు శ్రద్ధగా చదివాడు, తాఖీదు చదివినట్టే. "ఇది నడ్వది చైర్మన్ సాబ్," అన్నాడు. "ఎందుకు?" అన్నాను. "మంజూరు చెయ్యాలంటే తీర్మానం కావాలె. ముగ్గురం ఉండాలె. ఎడిటోరియల్ రైల్ల ఉన్నడు. కోరం లేదు."

ఎడిటోరియల్ ఆ ఏడాదే పాసయ్యాడు. ఎక్కడో దూరపు రాష్ట్రంలో పోస్టింగు. తర్వాత ఢిల్లీ వచ్చినా నేను ఊళ్ళో లేనప్పుడు వచ్చేవాడు, నేను ఉన్నప్పుడు కాకా ఊరికెళ్ళేవాడు, ముగ్గురం మళ్ళీ ఒకచోట కలవనే లేదు. (అవును, వెళ్ళేవాడు. కూలర్ల కాకా అని చెప్పుకుని మరీ వెళ్ళేవాడు. క్షవరం కూడా చేయించుకుని వచ్చేవాడు.) నేను రెండుసార్లు మెయిన్స్ తప్పి, ఒక కంపెనీలో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి అద్దాల భవనానికి చేరాను. కాకా ఆ సందులోనే ఉండిపోయాడు. వేసవిలో కూలర్లు, చలికాలంలో గీజర్లు, హీటర్లు. టీకొట్టు పక్కనే దుకాణం పెట్టాడు. నా త్రిభాషా బోర్డుని లోపల అడ్డగోడగా నిలబెట్టి, దాని వెనక సామాను పెట్టుకున్నాడు. గురుగ్రామ్ నుంచి నెలకోసారి వెళ్ళేవాణ్ణి. వెళ్ళగానే కుర్చీ దులిపి, "చైర్మన్ సాబ్, కూసోండ్రి," అనేవాడు. ఒకసారి ఉండబట్టలేక నా రాజీనామా సంగతి అడిగాను. పెండింగ్‌లో ఉందన్నాడు.

మొన్న పదకొండో రోజున ఆ దుకాణంలోనే కూర్చున్నాం. సీజన్ మొదలవుతోంది. కొత్త గడ్డి పలకలు గోడవారన పేర్చి ఉన్నాయి, ఆ వాసన. అన్న వచ్చాడు, ఇప్పుడు చేతికర్ర ఉంది. టైలర్ మాస్టర్ వచ్చి ఒక మూల తల వంచుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఒక ప్రభుత్వ కారు సందు మొదట్లోనే ఆగిపోతే, అక్కణ్ణుంచి ఎడిటోరియల్ నడిచి వచ్చాడు. జుట్టు లేదు. చంకలో పేపరు ఉంది. నన్ను చూసి తల ఊపాడు, నేనూ ఊపాను. ఇన్నేళ్ళకి ఇద్దరం ఒకే గదిలో కూర్చున్నాం.

కాకా కూతురు కాలేజీలో చదువుతోంది. టీ గ్లాసులు తెచ్చింది. తెలుగు విని అర్థం చేసుకుంటుంది, మాట మాత్రం హిందీ. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఆప్ మే సే చైర్మన్ అంకుల్ కౌన్ హై?" అని అడిగింది. అన్న గడ్డంతో నన్ను చూపించి, "గాయన," అన్నాడు. ఆ పిల్ల ముఖంలో ఆ రోజంతా లేని నవ్వు ఒకటి కనిపించింది. "పాపా బోల్తే థే, ఆప్‌కా ఇస్తీఫా అభీ పెండింగ్ హై." నా రాజీనామా ఇంకా పెండింగ్‌లోనే ఉందని వాళ్ళ నాన్న చెప్పేవాడట.

ఎడిటోరియల్ గ్లాసు కింద పెట్టాడు. "ముగ్గురం ఉండాలి కదూ?" అన్నాడు నాతో.

"ఉండాలి."

"ఏదైనా సడలింపు రాశావా, ఒకరు రాలేకపోతే అని?"

రాయలేదు. పేజీల కొద్దీ నియమాలు రాశాను, నిర్వచనాలకి ఒక అధ్యాయమే పెట్టాను, ఆ ఒక్క వాక్యం మాత్రం రాయలేదు. అది రాసినవాడికి అప్పుడు పాతికేళ్ళు కూడా నిండలేదు. పరీక్ష మర్నాడు అందరూ వెళ్ళిపోతారని తెలియనివాడు. ముగ్గురం ఎప్పుడూ ఉంటామనే అనుకుని ఉంటాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తోంది.

బయట ఎవరో వచ్చి కూలర్ కావాలన్నారు, హిందీలో. నాకిప్పుడు హిందీ వచ్చు. దుకాణంలో పెద్దవాళ్ళెవరూ లేవలేకపోతుంటే, పదవిలో ఉన్నవాణ్ణి కాబట్టి, నేనే లేచి వెళ్ళాను.